వినని వారికే ఓటు

విశాఖ సాగరతీర రికార్డు శ్రోతల సంఘంలో ఒక పాటను మొదటినుంచి చివరిదాకా వినిపించిన ఆఖరి ఆదివారం ఏదో సభ్యుల్లో ఎవరికీ గుర్తులేదు. గుర్తుపెట్టుకోవలసిన అవసరం కూడా వాళ్ళకి కనబడలేదు. సంఘం దివ్యంగా నడుస్తోంది. ప్రతి ఆదివారం పెదవాల్తేరులో అధ్యక్షులవారి మేడమీద సమావేశం జరుగుతుంది. టీ, చేగోడీలు వస్తాయి. తీర్మానాలు పాసవుతాయి. లండన్‌లోని ఒక రికార్డు క్లబ్బు నుంచి నెలనెలా పార్సిలు దిగుతుంది. ఎప్పటివో జాజ్, సోల్ రికార్డులను మళ్ళీ కొత్తగా అచ్చొత్తి పంపుతారు వాళ్ళు. సంఘం వాటిని అద్దాల బీరువాలో నిలబెట్టి, తాళం వేసి, ఆ తర్వాత వాటి నాదం ఎలా ఉందో చర్చిస్తుంది.

కొప్పిశెట్టి ఉమాపతి ఈ సంఘంలో చేరింది పాటలు వినడానికి. దొండపర్తిలో అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. వయసులో ఉండగా హార్బరు దగ్గర ఓడ మనుషులు వచ్చే హోటల్లో కొన్నాళ్ళు పనిచేశాడు. అక్కడ ఎవరో నావికుడు వదిలిపెట్టి వెళ్ళిన రికార్డులో ఒక ఆడమనిషి గొంతు విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తన ఇంటి గుట్టంతా ఆవిడకి ఎవరు చెప్పారా అనిపించింది. అది అమెరికా నల్లజాతివాళ్ళ సోల్ సంగీతమని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటినుంచీ అలాంటివి నలుగురితో కూర్చుని వినాలని కోరిక.

చేరిన మొదటి ఆదివారమే, టీ అయ్యాక, "ఈవేళ ఏ రికార్డు పెడతారండీ?" అని అడిగాడు.

శ్రాద్ధం భోజనంలో కోడికూర అడిగినవాణ్ణి చూసినట్టు అందరూ అతన్ని చూశారు.

అధ్యక్షులు నేమాని సర్వోత్తమరావు గారు తూనికలు కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకి కోపం రాదు, వివరణ వస్తుంది.

"ఉమాపతి గారూ, ముల్లు రికార్డు మీద నడిచిన ప్రతిసారీ గాడి ఎంతో కొంత అరుగును. అనగా శ్రవణము అనునది రికార్డుకు సంభవించే నష్టము. నష్టనివారణ సంఘము యొక్క ప్రథమ కర్తవ్యము. ఇందులో మీకేమైనా సందేహమున్నదా?"

ఉమాపతికి సందేహం లేదు. బాధే ఉంది.

సంఘం ఈ స్థితికి ఒక్క రోజులో చేరుకోలేదు. మొదట్లో రికార్డు రెండువైపులా వినేవారట. అరుగుదల సంగతి తెలిశాక ఒకవైపే వినడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్క పాటకి దిగారు. ఆ తర్వాత, పాట ఎత్తుకోబోయే ముందు వచ్చే చిటపట మాత్రం విని ముల్లు ఎత్తేసి, దాని మీద అభిప్రాయాలు చెప్పుకునేవారు. కొన్నాళ్ళకి ఆ చిటపట కూడా దుబారాయేనని తేలింది. ఇప్పుడు రికార్డు ప్లేయరు మీద పూలకూజా ఉంది.

వినడం మానేసిన తర్వాత వాదనలకి మంచి పదును వచ్చింది. సంఘంలో రెండు వర్గాలు. ఒరిజినల్ వర్గానికి అధ్యక్షులే నాయకుడు. ఆనాడు మొదటిసారి అచ్చయిన రికార్డులోనే నాదం వెచ్చగా ఉంటుందని, తర్వాత వచ్చినవన్నీ చల్లారిన కాఫీ అని వాళ్ళ సిద్ధాంతం. మళ్ళీ అచ్చొత్తినవే మేలనే రీఇష్యూ వర్గానికి గండ్రేటి ఇందుమతి గారు నాయకురాలు. ఆవిడ మహిళా కళాశాలలో ఎకనామిక్స్ చెప్పి, ప్రిన్సిపాల్‌గా దిగిపోయారు. వెచ్చదనం అనేది దుమ్ముకి మర్యాదస్తులు పెట్టుకున్న పేరని ఆవిడ అంటారు.

ఒకసారి ఇలాగే ఏదో సోల్ రికార్డు మీద చర్చ సాగుతుంటే, ఒక సభ్యుడు లేచి, తన బావమరిది ఇంట్లో అదే రికార్డు విన్నాననీ, అందులో డ్రమ్ములు బాగానే ఉన్నాయనీ అన్నాడు.

"మీరు విన్నారా?" అన్నారు అధ్యక్షులు.

"విన్నానండి."

"అయితే మీకొక అభిప్రాయము ఏర్పడినది. అభిప్రాయము ఏర్పడినవారు నిష్పక్షపాతముగా ఓటు ఎట్లు వేయగలరు?"

ఇందుమతి గారు ఆయనతో ఏకీభవించిన మొదటి విషయం అదే. ఒక రికార్డును విన్న సభ్యుడికి దాని విషయంలో ఓటు హక్కు ఉండదని తీర్మానం చేశారు. ఆ సభ్యుడు మళ్ళీ రాలేదు. బావమరిది ఇంటికే వెళుతున్నాడని చెప్పుకున్నారు.

ఉమాపతి మాత్రం వస్తూనే ఉన్నాడు. ఎప్పటికైనా పూలకూజా తీస్తారని అతని ఆశ.

ఒక నెల పార్సిలు పోస్టాఫీసు నుంచి తెచ్చే వంతు అతనిదయింది. తెచ్చి, షాపులో అట్టపెట్టె విప్పి, రికార్డును గల్లామీద పెట్టాడు. కలకత్తాలోని ఏదో హోటల్ బ్యాండు వాళ్ళది. ఎప్పుడో కొద్ది ప్రతులు అచ్చయి, మాయమైపోయి, ఇన్నాళ్ళకి లండన్ వాళ్ళ చేతిలో పడి మళ్ళీ వెలుగు చూసింది. అట్టమీద నల్లకోట్లు వేసుకున్న బ్యాండు ఫోటో. పైన బిగుతుగా పలచటి ప్లాస్టిక్ తొడుగు.

అదే సమయానికి సిరిల్ రోజారియో తన కళ్ళజోడు కోసం వచ్చాడు. వాల్తేరులో రైలు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. తాటిచెట్లపాలెంలో కూతురితో ఉంటాడు. కొత్త అద్దాలు పెట్టుకుని, చూపు సరిపోయిందో లేదో పరీక్షించుకోవడానికి ఎదురుగా కనబడ్డ ఫోటోకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఉమా, అద్దాలు కరెక్టే," అని శాక్సఫోన్ పట్టుకున్న సన్నటి కుర్రాడి మీద వేలు పెట్టాడు. "వీడు నేనే."

లీవు పెట్టి కలకత్తా వెళితే, అక్కడ డ్రమ్ములు వాయించే పినతండ్రి కొడుకు పట్టుకుపోయాడట. బ్యాండులో శాక్సఫోన్ వాయించేవాడికి పచ్చకామెర్లు. ఈయన రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో వాయిస్తాడని వాళ్ళకి తెలుసు. వేరేవాడి కోటు తొడిగి ఫోటో తీశారు, స్టూడియోలో కూర్చోబెట్టి వాయించమన్నారు. మర్నాడు మెయిలెక్కి డ్యూటీకి వచ్చేశాడు.

"రికార్డు పంపిస్తామన్నార్లే. రాలేదు. అది బయటికొచ్చిందని కూడా నాకు తెలీదు," అన్నాడు సిరిల్. "నేను వాయించింది నేనే వినలేదు, చూడు."

"ఫోన్లో ఎక్కడా దొరకదాండి అంకుల్?"

"మా లోరెయిన్ అంతా వెతికింది. బ్యాండు పేరే లేదు." ఆయన ఎడమ చెవిని ఉమాపతి వైపు తిప్పాడు. ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు. "కుడిచెవి లైను క్లోజ్ అయిపోయింది బాబూ. ఎడమది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నాడు డాక్టరు. ఒకసారి పెడతావా?"

ఉమాపతి చెయ్యి తొడుగు అంచుదాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. రికార్డు తనది కాదు, సంఘానిది. పైగా అతను పద్ధతి ప్రకారం నడిచే మనిషి. ఇంత సంగతి చెబితే ఎంతటివాళ్ళయినా కరుగుతారని నమ్మాడు. "ఆదివారం నాతో రండి అంకుల్. అందరం కలిసి విందాం," అన్నాడు.

ఆదివారం సిరిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని వచ్చాడు. కూతురు లోరెయిన్ తోడు వచ్చింది. ఆవిడ ఒక స్కూల్లో సంగీతం చెబుతుంది, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. మాట కొంచెం కరుకు.

ఉమాపతి లేచి సంగతంతా చెప్పాడు. సభ్యులు కదిలిపోయారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అంత కదిలిపోయినా, రికార్డు పెడదామని ఎవరూ అనలేదు.

"సంఘమునకు ఇది అపూర్వ అవకాశము," అన్నారు సర్వోత్తమరావు గారు. "ఒరిజినల్ నాదమునకు ప్రత్యక్ష సాక్షి మన ఎదుట ఉన్నారు. రోజారియో గారూ, స్టూడియోలో నాదము వెచ్చగా ఉండినదా?"

సిరిల్ ఎడమ చెవి తిప్పి, మళ్ళీ చెప్పించుకుని, "వెచ్చగానా? ఉడికిపోయాం సార్. చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేశారు," అన్నాడు.

ఒరిజినల్ వర్గం చప్పట్లు కొట్టింది. వెచ్చదనం నిరూపితమైందని రాసుకున్నారు.

"మరి ఇప్పుడు వింటారా?" అంది లోరెయిన్.

"తొడుగు తీసిన క్షణమున అది కొత్త రికార్డు కాకుండా పోవును తల్లీ. వాడిన రికార్డగును. ఇది తొందరపడవలసిన విషయము కాదు."

"మా డాడీ చెవికి తొందరుందండి."

"ఆ అంశమును పరిశీలనలోకి తీసుకున్నాము," అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

పరిశీలన జరిగింది. తర్వాతి ఆదివారం ఒరిజినల్ వర్గం ఒక కొత్త సిద్ధాంతంతో వచ్చింది. రికార్డులో ఉన్నది రోజారియో గారి నాదానికి నకలు మాత్రమే. ఆ నకలుకి నకలు ఈ రీఇష్యూ. అలాంటప్పుడు అసలు ఒరిజినల్ ఎవరు? రోజారియో గారే. సంఘం చరిత్రలో ఇంత స్వచ్ఛమైన ఒరిజినల్ దొరకలేదు. కాబట్టి ఆయన్ని తక్షణం సంఘం సంరక్షణలోకి తీసుకోవాలి.

సిరిల్‌ను లేపి నిలబెట్టి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. పాత రికార్డులకి నాణ్యతనిబట్టి తరగతులు ఇవ్వడం సేకర్తల ఆనవాయితీ. అంచులు కాస్త నలిగాయనీ, వెన్ను నిటారుగా ఉందనీ, పైన గీతలున్నా లోతైనవి కావనీ తేల్చి, "వెరీ గుడ్ ప్లస్" అని నిర్ణయించారు. సిరిల్ మొహమాటంగా థ్యాంక్స్ చెప్పాడు.

రీఇష్యూ వర్గం ఊరుకుంటుందా? ఇందుమతి గారు లేచి లోరెయిన్‌ను చూపించారు. "ఇదిగో రీఇష్యూ. నేరుగా ఒరిజినల్ నుంచే తీసిన ప్రతి. ఈమెకి దగ్గు లేదు, ఆయాసం లేదు, చిటపట లేదు. వెనకటి లోపాలన్నీ సవరించబడ్డాయి. ఏ విధంగా చూసినా మెరుగైన ముద్రణ."

"మా అమ్మ కూడా ఉందండీ ఇందులో," అంది లోరెయిన్.

"దాన్ని మిక్సింగ్ అంటారు," అన్నారు ఇందుమతి గారు.

ఆ చర్చ చాలా వారాలు సాగింది. తండ్రీకూతుళ్ళలో ఎవరి నాదం మేలో ఓటింగు పెట్టాలన్నారు. ఓటు చెల్లాలంటే ఇద్దరిలో ఎవరూ ఒక్క స్వరం కూడా వాయించకూడదు గనక, వాయించవద్దని ఇద్దరికీ విడివిడిగా మనవి చేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. అధ్యక్షులవారు స్వయంగా తాటిచెట్లపాలెం వెళ్ళి సిరిల్ ఇల్లు తనిఖీ చేశారు. గాలిలో చెమ్మ కొలిచే మీటరు పట్టుకుని గదిగదీ తిరిగారు. ఉమాపతి దారి చూపించడానికి వెళ్ళాడు.

"ఎండ సోకరాదు. వాలుకుర్చీ పనికిరాదు, వంగిపోవు ప్రమాదమున్నది. నిలువుగా ఉంచవలెను. అన్నిటికన్నా ముఖ్యము, శాక్సఫోన్ వాయించరాదు. మీరు వాయించిన ప్రతిసారీ ఒరిజినల్ అరుగును."

"మా డాడీ బజారుకెళ్ళొచ్చాండీ?" అంది లోరెయిన్, పళ్ళు బిగించి.

"తొడుగుతో అయినచో అభ్యంతరము లేదు."

ఆయన వెళ్ళాక, లోరెయిన్ ఆ మీటరుని గురించీ, ఆయన్ని గురించీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అనవలసినవన్నీ అంది. సిరిల్ నవ్వి శాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టి మంచం కిందకి తోశాడు.

"పోన్లే బేబీ. పెద్దవాళ్ళు కదా, వాళ్ళ రూలు వాళ్ళది. నేను గొడవచేస్తే అసలే వినిపించరు."

అంతకుముందు రోజూ సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చుని వాయిస్తుంటే వీధిలో వాళ్ళు కూరగాయలు తరుక్కుంటూ వినేవారు. ఆ వీధిలో ఇప్పుడు టీవీల చప్పుడే మిగిలింది. ఉమాపతి ఒకటికి రెండుసార్లు అటు వెళ్ళి చూశాడు. సిరిల్ నీడలో, నిటారుగా, గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్ళి ఎడమ చెవి దగ్గర పిలిస్తే, "ఆఁ? ఎవరూ?" అన్నాడు.

ఆ పూట ఉమాపతి షాపు తెరవలేదు. ఈ మంచిమనిషిని అక్కడికి తీసుకెళ్ళింది తనే. ఒక రికార్డు వినిపిస్తానని చెప్పి, ఆయన్నే రికార్డుని చేసి బీరువాలో పెట్టించాడు.

సంఘం ఆ రికార్డు ఆవిష్కరణ సభ పెట్టింది. మేడమీద షామియానా వేసి, మామిడాకులు కట్టారు. సభ్యులందరూ కుటుంబాలతో వచ్చారు. వేదికమీద ఒక కుర్చీలో రికార్డు, పక్క కుర్చీలో సిరిల్. ఆయన వాలిపోకుండా అటూ ఇటూ దిళ్ళు పెట్టారు. చొక్కాకి "వెరీ గుడ్ ప్లస్" అన్న బ్యాడ్జీ గుచ్చారు. శాలువాలు రెండు తెచ్చి, ఒకటి రికార్డుకి కప్పారు, ఒకటి ఆయనకి కప్పారు.

సర్వోత్తమరావు గారు మైకు అందుకున్నారు. "ఆవిష్కరణ అనగా తొడుగు తీయుట అని సామాన్యులు భ్రమపడుదురు. తీయబోమని బహిరంగముగా ప్రకటించుటయే నిజమైన ఆవిష్కరణ. ఈ నాదము ఈనాటి నుండి శాశ్వతముగా సురక్షితము. దీనిని ఎవ్వరూ పాడుచేయలేరు, ఎందుచేతననగా దీనిని ఎవ్వరూ వినలేరు."

చప్పట్లు మోగాయి. సిరిల్ ఆ చప్పట్లకేసి చూసి, ముందువరసలో ఉన్న ఉమాపతికి సైగ చేసి దగ్గరికి పిలిచాడు.

"ఏమంటున్నాడు ఉమా? నాకందట్లేదు. పెడతాడంటనా?"

మైకు ఆయన ఎడమ పక్కనే ఉంది.

ఉమాపతి వేదిక ఎక్కి, రికార్డు మీది శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో ఉంచాడు. కళ్ళజోళ్ళ మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. దానితో ప్లాస్టిక్ తొడుగు అంచు కోశాడు. ఆ సన్నటి చప్పుడుకి షామియానా కింద అందరి ఊపిరీ ఆగింది.

"ఏటి చేస్తన్నారు ఉమాపతి గారూ," అన్నారు సర్వోత్తమరావు గారు. ఉద్యోగంలో చేరకముందు మాట్లాడిన భాష ఆయన నోట్లోంచి అదొక్కసారే వచ్చింది.

"పాట పెడతన్నానండి."

ఉమాపతి రికార్డుతో పక్కనున్న సమావేశాల గదిలోకి వెళ్ళి, ప్లేయరు మీది పూలకూజాని దించి కిటికీలో పెట్టాడు. లోరెయిన్ తండ్రిని చెయ్యిపట్టి తీసుకొచ్చి స్పీకరు పక్కన కూర్చోబెట్టింది. వెనకాలే గుమ్మందాకా వచ్చిన సభ్యులు అతని చేతిలోంచి రికార్డు లాక్కోగలిగి ఉండేవారే. కానీ అప్పటికే ముల్లు కిందికి దిగుతోంది.

"ఓటు హక్కు గలవారెల్లరూ తక్షణము బయటికి నడవండి," అని అరిచి, అధ్యక్షులవారు రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకున్నారు.

రెండు వర్గాలూ ఏకమై మెట్లవైపు కదిలాయి. చెవులు మూసుకున్న చేతులతో రెయిలింగు పట్టుకోవడం కుదరదు కాబట్టి ఒకరిమీద ఒకరు పడుతూ దిగారు. భర్తల చెవులు భార్యలు, భార్యల చెవులు భర్తలు మూశారు. చేగోడీల పళ్ళెం బోర్లాపడింది. ఇందుమతి గారు అందరికన్నా వెనక, చీర కుచ్చెళ్ళు తొక్కుకుంటూ, గుమ్మంలో ఒకసారి వెనక్కి చూసి వెళ్ళారు.

గదిలో ముగ్గురు మిగిలారు.

పియానో, డ్రమ్ములు, బేస్ నెమ్మదిగా మొదలయ్యాయి. సిరిల్ ఎడమ చెవిని స్పీకరుకి ఆనించాడు. అరచెయ్యి దాని చెక్కమీద పెట్టాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. ఇంక వినబడదేమోనని ఉమాపతి చప్పుడు పెంచాడు. అప్పుడు శాక్సఫోన్ ఎత్తుకుంది. సిరిల్ రెండో చేతి వేళ్ళు మోకాలి మీద కదిలాయి. పాటతో పాటే, ఒక్కోసారి పాటకంటే రవ్వంత ముందే కదిలాయి. ఎక్కడికి వెళ్ళాలో వాటికి తెలుసు. ఒకచోట ఆ వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ తప్పాను," అన్నాడు. "ఊపిరి చాల్లేదు. కట్ చేసేస్తామన్నారు, చెయ్యలేదు చూడు."

"తప్పులా లేదు డాడీ," అంది లోరెయిన్. ఆవిడ గొంతులో కరుకు పోయింది.

"తప్పే. బాగుంది." పాట అయ్యాక, "మళ్ళీ పెట్టు బాబూ," అన్నాడు.

మెట్ల మీద అత్యవసర సమావేశం అప్పటికే మొదలైంది. చెవుల్లోంచి వేళ్ళు తీయడానికి వీల్లేదు కాబట్టి ఎవరేమన్నారో ఎవరికీ తెలియలేదు. అందువల్ల తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా పాసయ్యాయి. ఉమాపతిని సంఘం నుంచి బహిష్కరించారు. రోజారియో గారు తన్ను తాను విన్నందువల్ల ఆయన తరగతి రద్దయింది, సంరక్షణ ఎత్తేశారు. వినబడిపోయిన రికార్డు సంఘం బీరువాలో ఉండటానికి అనర్హం కాబట్టి, దోషే దాన్ని ఆవరణలోంచి వెంటనే తీసుకుపోవాలని శిక్ష వేశారు.

ఉమాపతి శిక్షను చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. తన ఇంట్లోని పాత ప్లేయరును కూడా ఆటోలో వేయించుకుని, రెంటినీ తాటిచెట్లపాలెంలో దించాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆ వాకిట్లో రికార్డు తిరుగుతుంది. దానితో పాటు సిరిల్ శాక్సఫోన్ వాయిస్తాడు. గాడీ అరుగుతోంది, ఆయనా అరుగుతున్నాడు. ఎడమ చెవి కొన్ని రోజులు పనిచేస్తుంది, కొన్ని రోజులు చెయ్యదు. చెయ్యని రోజున స్పీకరు మీద చెయ్యి వేసి వాయిస్తాడు. వీధిలో వాళ్ళు మళ్ళీ కూరగాయలు తెచ్చుకుని కూర్చుంటున్నారు. షాపు కట్టేశాక ఉమాపతీ వస్తాడు.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఆటో ఆగి, ఇందుమతి గారు దిగారు. రెండు చెవుల్లోనూ దూది ఉంది.

"నేను సంఘం తరపున రాలేదు," అన్నారు, అవసరమైనదానికన్నా గట్టిగా. "ఇటు పనుండి వచ్చాను."

లోరెయిన్ కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఆవిడ తిరుగుతున్న రికార్డును, ఆడుతున్న సిరిల్ వేళ్ళను చూస్తూ కాఫీ తాగారు. వీధిలో అందరి తలలూ ఒక్కలా ఊగుతుంటే కాస్త ఇబ్బందిగా కదిలారు. తర్వాత ఎడమ చెవిలో దూది తీసి సాసర్లో పెట్టారు.

ఉమాపతి తనవైపు చూడటం గమనించి, "ఒక చెవితో వింటే అర ఓటు మిగులుతుంది. రూలు చూసుకునే వచ్చాను," అన్నారు.

సిరిల్ వాయించడం ఆపి, "ఎడమ చెవా మేడమ్? అయితే ఇటు రండి, ఇటు బాగుంటుంది," అని స్పీకరు పక్కన తన కుర్చీ ఖాళీ చేసి ఆవిడకిచ్చాడు.

రికార్డును రెండోవైపు తిప్పేసరికి, కుడిచెవి దూదితో పాటు ఆ అర ఓటు కూడా సాసర్లోనే ఉంది.